ఉర్ శ్మశానంలో పూసల లెక్క

బస్రాలో విమానం దిగితే అక్కడి నుంచి నాసిరియాకు రెండు దారులు. ఒకటి ఎడారిలో తిన్నగా సాగే పెద్ద రహదారి. రెండోది ఖుర్నా, చిబాయిష్ మీదుగా చిత్తడి నేలల అంచునే పోయే చుట్టుదారి. మీరు వెళ్తే రెండో దారే పట్టండి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసే చోటు ఖుర్నా. అక్కడ పడమటికి తిరిగామో లేదో, రోడ్డు పక్కనే నీళ్ళు, నీళ్ళలో రెల్లు, రెల్లు మధ్య మెడదాకా మునిగి గేదెలు! మధ్యాహ్నం పూట మా ఊరి చెరువులో కనిపించే గేదెలే. అదే నల్లటి ఒళ్ళు, అవే వెనక్కి తిరిగిన కొమ్ములు. నేను కారు ఆపించి, దిగి, చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

డ్రైవరు దుబాయ్‌లో కొన్నాళ్ళు పనిచేసి వచ్చినవాడు. నాలుగు హిందీ ముక్కలు వచ్చు.

"హజ్జియా, మీ దేశంలో గేదెలు లేవా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఉన్నాయి నాయనా, ఉన్నాయి గనకే చూస్తున్నాను" అన్నాను.

అక్కాద్ రాజుల కాలంనాటి ముద్రల మీద, అంటే దాదాపు 4,200 ఏళ్ళ కిందటే, గేదె బొమ్మలు చెక్కారు. అవి సింధు లోయ నుంచి వచ్చి ఉంటాయని పండితులు అంటారు. చిత్తడి నేలల్లో ఇప్పటికీ గేదెల పాడి మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. రెల్లుతో కట్టిన ఇళ్ళు, ఇంటి ముందు పడవ, పడవ వెనకాల గేదె. ఆ దారి అంతా నేను నోరు మూసుకోలేదు.

నన్ను అంత దూరం రప్పించినవి పూసలు. కొన్నేళ్ళ కిందట ఫిలడెల్ఫియాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి పెన్ మ్యూజియంలో ఒక రాణి తలకట్టు చూశాను. బంగారు పట్టీలు, బంగారు ఆకుల దండలు, తల వెనక నిటారుగా లేచిన పువ్వుల దువ్వెన, భుజాల మీంచి నడుము దాకా జాలువారే పూసల వరసలు. రాణి పేరు పువాబి. సుమారు 4,500 ఏళ్ళ కిందట దక్షిణ ఇరాక్‌లోని ఉర్ నగరంలో ఆమెను పాతిపెట్టారు. ఆ అద్దాల పెట్టె ముందు నాకొక సందేహం పట్టుకుంది. దారం ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది కదా. మరి ఏ పూస పక్కన ఏ పూస ఉండేదో ఎలా తెలిసింది? ఎవరు చూశారు, ఎవరు రాసిపెట్టారు? ఇంటికి వచ్చాక దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ ఆ గొయ్యి కళ్ళారా చూడాలనిపించింది.

నాసిరియా చేరేసరికి సాయంత్రమైంది. యూఫ్రటీస్ ఊరి మధ్య నుంచే పారుతుంది. ఒడ్డున చేపలు కాలుస్తున్న వాసన. మస్గూఫ్ అంటారు. పెద్ద చేపను వీపు వైపు నుంచి చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, పుల్లలకు గుచ్చి మంట పక్కన నిలబెడతారు. మంట మీద పెట్టరు, పక్కన పెడతారు. నిదానంగా కాలి, పైన పెళుసుగా, లోపల మెత్తగా వస్తుంది. దాంతో పాటు పల్చటి తందూరీ రొట్టె, ఉల్లిపాయ, పసుపుపచ్చటి మామిడి ఊరగాయ. అవును, మామిడి ఊరగాయే! బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా ఇది ఇరాక్ చేరిందని చెబుతారు. కారం తక్కువ, మెంతి ఎక్కువ. మన ఆవకాయ ముందు నిలబడదు గానీ, కాల్చిన చేపకు అంతకంటే మంచి తోడు లేదు. మర్నాడు పొద్దున్న గేదె పాల మీగడ మందంగా పలకలుగా కోసి పెట్టారు, మీద ఖర్జూరపు పాకం పోసి, వేడి సమూన్ రొట్టెతో. ఆ మీగడ కోసమైనా మీరు నాసిరియాలో ఒక పొద్దున్న గడపాలి.

ఉర్ నాసిరియాకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. దారిలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి. పాస్‌పోర్టు చేతిలోనే పెట్టుకోండి. పక్కనే సైనిక వైమానిక స్థావరం ఉంది. 2003 తర్వాత అమెరికా సైన్యం అక్కడే మకాం వేసింది, 2009లో ఉర్‌ను మళ్ళీ ఇరాకీలకు అప్పగించింది. దూరం నుంచి మొదట కనబడేది జిగ్గురాట్. చంద్రదేవుడు నన్నాకు ఉర్-నమ్ము రాజు దాదాపు 4,100 ఏళ్ళ కిందట కట్టించిన మెట్ల గుడి. మూడు వైపుల నుంచి మూడు మెట్ల వరసలు పైకి పోయి ఒకచోట కలుస్తాయి. ముఖభాగం 1980లలో కొత్త ఇటుకతో బాగుచేసింది. పక్కలకు వెళ్తే పాత ఇటుక, ఇటుకల మధ్య నల్లగా పొంగిన తారు చేతికి తగులుతుంది. నాలుగు వేల ఏళ్ళ నాటి తారు ఇంకా ఇటుకను పట్టుకునే ఉంది. గోడ మీద 1991 యుద్ధం నాటి తూటాల గాట్లు కూడా ఉన్నాయి. పైకెక్కితే నాలుగు దిక్కులా మట్టి రంగే. ఒకప్పుడు యూఫ్రటీస్ ఈ ఊరి గోడను ఒరుసుకుని పారేదట. సముద్రమూ ఇంత దూరంలో ఉండేది కాదు. ఓడలు వచ్చే రేవు ఇది. నది పక్కకు తప్పుకోగానే ఊరు ఎండిపోయింది.

కిందికి దిగి "శ్మశానం ఎక్కడ?" అని అడిగాను. పురావస్తు శాస్త్రం చదువుకున్న స్థానిక కుర్రాడొకడు నాకు తోడుగా వచ్చాడు. నన్ను ఆగ్నేయం వైపు నడిపించాడు. నేల మీద అడుగు పెట్టాలంటే భయం వేసింది. ఎక్కడ కాలు పెట్టినా కుండపెంకే. ఎర్రవి, పసుపువి, గీతలు చెక్కినవి. ఒక్కటీ తీసుకోకూడదు. చట్టం ఒప్పదు, ఒప్పినా మనసు ఒప్పదు. కాసేపటికి పెద్ద ఇటుక కట్టడాలు వచ్చాయి. మెట్లు దిగితే లోతైన గదులు, పైన ఇటుకలను ఒకదాని కన్నా ఒకటి ముందుకు జరిపి పేర్చుకుంటూ మూసిన కప్పు. ఎంత చల్లగా ఉందో లోపల! చాలామంది యాత్రికులు ఇదే పువాబి సమాధి అనుకుని ఫోటోలు దిగి వెళ్ళిపోతారట. ఇవి షుల్గి, అమర్-సిన్ రాజుల కాలం నాటివి. పువాబి తర్వాత దాదాపు ఐదొందల ఏళ్ళకు కట్టినవి.

"మరి పువాబి?"

కుర్రాడు పక్కనే ఉన్న పెద్ద పల్లం చూపించాడు. గోడలు లేవు, కప్పు లేదు. అంచులు కరిగి జారిపోయిన పెద్ద గొయ్యి, అంతే. గాలికి ఇసుక, వానకు మట్టి వచ్చి చేరుతుంటే దాదాపు వందేళ్ళుగా పూడుతూ ఉంది. అందులోంచే సుమారు 1,850 సమాధులు బయటపడ్డాయి. నేను అక్కడ నిలబడి ఏది ఎక్కడ ఉండేదో పోల్చుకోవాలని చూశాను, కుదరలేదు. కుర్రాడు సంచిలోంచి పాత నక్షా నకలు తీసి నేల మీద పరిచాడు. నక్షా మీద ఒక్కో సమాధికీ ఒక నంబరు. 755, 779, 789, 800, 1237. వేలు పెట్టి చూపిస్తూ, తల ఎత్తి దిక్కులు సరిచూసుకుంటూ, "ఇక్కడ రాజు, అక్కడ రాణి, అదిగో ఆ మూల డెబ్భై నాలుగు మంది" అన్నాడు. కాగితం లేకపోతే ఆ గొయ్యి నాకు గొయ్యిగానే మిగిలిపోయేది.

ఈ శ్మశానాన్ని తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త లెనార్డ్ ఉలీ ఇక్కడికి 1922లో వచ్చాడు. బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మ్యూజియం (నేను చూసిన పెన్ మ్యూజియం) కలిసి పంపాయి. మొదటి కందకాల్లోనే బంగారు పూసలు తగిలాయి. ఇంకొకరైతే పికాసులన్నీ అటే మళ్ళించేవారు. ఉలీ తవ్వకం ఆపించాడు! తన మనుషులకు ఇంకా చెయ్యి తిరగలేదని, సున్నితమైన శ్మశానం తవ్వే నేర్పు తనకూ చాలదని, నాలుగేళ్ళు ఇళ్ళూ గుళ్ళూ తవ్వి పని నేర్చుకుని, 1926లో మళ్ళీ ఆ చోటికి వచ్చాడు. బంగారం కనబడ్డాక నాలుగేళ్ళు ఆగడం! ఈ యాత్రలో నేను విన్నవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

పూసలు దొంగతనంగా పోతున్నాయని తెలిశాక ఆయన చేసిన పని కూడా చెప్పాలి. కూలీలు కొన్నిటిని నాసిరియాలో కంసాలులకు అమ్ముకునేవారు. ఉలీ ఎవరినీ దండించలేదు. దొరికిన ప్రతి బంగారు పూసకూ కంసాలి ఇచ్చేదానికన్నా ఎక్కువ బక్షీసు ఇస్తానన్నాడు. వారం తిరిగేసరికి, అమ్మిన పూసలు కూడా కొనుక్కొచ్చి మరీ ఇచ్చారు. అప్పటికి ఇరాక్‌లో చెల్లే డబ్బు మన రూపాయే. 1932లో దినారు వచ్చేదాకా అంతే. ఉర్ రాణుల పూసలకు కట్టిన బక్షీసు రూపాయల్లోనన్న మాట.

పనివాళ్ళు జట్లుగా ఉండేవారు. ఒకడు పికాసుతో తవ్వుతాడు, ఒకడు పారతో ఎత్తుతాడు, మిగతావాళ్ళు తట్టలు మోస్తారు. పికాసు పట్టినవాడిదే పెద్దరికం, ఎందుకంటే మట్టి రంగు మారిందని ముందు తెలిసేది అతని చేతికే. అందరి పైనా మేస్త్రీ షేక్ హమూదీ. ఆయన కొడుకు యహ్యా ఫోటోలు తీసేవాడు. మనం ఇవాళ పుస్తకాల్లో చూసే ఉర్ తవ్వకాల ఫోటోల్లో చాలా వాటి వెనక ఉన్న కన్ను అతనిదే.

ఇక తవ్వే పద్ధతి. మన తెలంగాణలో రాకాసి గుళ్ళని పిలిచే పాత సమాధులు ఉన్నాయి కదా. సిద్దిపేట దగ్గర నర్మెట్టలో 2017లో తవ్వినవి అలాంటివే. అక్కడ చుట్టూ రాతి పలకలు, పైన పెద్ద బండ. రాయి నిలబడి ఉంటుంది గనక లోపల ఏముందో ఎక్కడుందో కొంతైనా ఆనవాలు చిక్కుతుంది. ఉర్‌లో రాయి అరుదు. ఎక్కువ సమాధులు మట్టిలో తవ్విన గుంటలు, చాపలో చుట్టిన దేహాలు. చెక్క, గుడ్డ, దారం, తోలు అన్నీ పోయి, ఆ స్థానంలో మట్టి మీద రంగు మరక మాత్రం మిగిలింది. ఆ మరకను చూడగలిగినవాడికే వస్తువు దక్కుతుంది.

ఒకసారి నేలలో వింత ఆకారంలో బొరియలు కనిపించాయి. తవ్వకుండా వాటిలో ప్లాస్టర్ పోశారు. గట్టిపడ్డాక చుట్టూ మట్టి తీస్తే, కుళ్ళిపోయిన తంత్రీవాద్యం రూపం ప్లాస్టర్‌లో లేచి వచ్చింది! చెక్క లేదు. చెక్క వదిలి వెళ్ళిన ఖాళీ మాత్రమే ఉంది. ఆ ఖాళీని పట్టుకున్నారు. పూసల సంగతీ అంతే. మట్టిని చిన్న కత్తితో, కుంచెతో జరుపుతూ, పూసలు ఏ వరసలో పడి ఉన్నాయో చూసి, గీసుకుని, ఫోటో తీసి, మీద కరిగించిన మైనం పోసి, పల్చటి గుడ్డ అంటించి, పూసలు కదలకుండా గుడ్డతో సహా ఎత్తేవారు. ఫిలడెల్ఫియాలో నన్ను పట్టుకున్న సందేహానికి జవాబు అదే. దారం పోయినా వరస పోలేదు.

పువాబి సమాధి నంబరు 800. 1928 జనవరి 4న ఉలీ ఫిలడెల్ఫియాకు తంతి పంపాడు, లాటిన్ భాషలో. దారిలో ఎవరూ చదివి గుట్టు బయట పెట్టకూడదని. గది కప్పు కూలినా దొంగలు పడలేదు. పాడె మీద రాణి. ఎత్తు అయిదడుగుల లోపు, వయసు నలభై ప్రాంతం. భుజం దగ్గర ముద్రలు. ఒక ముద్ర మీద ఆమె పేరూ రాణి అన్న బిరుదూ ఉన్నాయి, భర్త పేరు మాత్రం లేదు. ఎవరి భార్యగానో కాక తన పేరుతోనే నిలిచిన స్త్రీ! గది బయట గోతిలో బండి, దాన్ని లాగిన ఎద్దులు, కాపలావాళ్ళు, వాద్యం పక్కనే వాయించే ఆమె. వీళ్ళెవరూ తమ చావు చచ్చినవాళ్ళు కాదు. రాణితో పాటు పంపబడినవాళ్ళు.

1237వ నంబరు గొయ్యిలో ఏ రాజు గదీ దొరకలేదు. 74 మంది మాత్రం ఉన్నారు. ఆరుగురు మగవాళ్ళు, 68 మంది ఆడవాళ్ళు, వరసలు వరసలుగా, నగలతో, తలకట్లతో. పక్కన గిన్నెలు కనిపించడంతో అందరూ విషం తాగి నిశ్శబ్దంగా పడుకున్నారని ఉలీ ఊహించాడు. చాలాకాలం లోకం అదే నమ్మింది. 2009 ప్రాంతంలో పెన్ మ్యూజియం వాళ్ళు ఉర్ రాజసమాధుల నుంచి వచ్చిన రెండు పుర్రెలను సీటీ స్కాన్ తీస్తే, మొన ఉన్న ఆయుధంతో తల మీద కొట్టిన చిల్లులు బయటపడ్డాయి. ఆ రెండు పుర్రెలు ఇన్నేళ్ళూ భద్రంగా, ఏ సమాధివో చీటీతో సహా ఉన్నాయి గనకే ఆ నిజం తెలిసింది.

ఆ 68 మందిలో ఒకామె గురించి మీకు చెప్పకుండా ఉండలేను. తక్కిన ఆడవాళ్ళ తలలకు బంగారు పట్టీలో, వెండి పట్టీలో చుట్టి ఉన్నాయి. వెండి చాలాచోట్ల పొడిగా మారిపోయింది. ఈమె తలకు ఏ పట్టీ లేదు. నడుము దగ్గర మాత్రం గుండ్రంగా చుట్టి పెట్టిన వెండి పట్టీ చుట్ట దొరికింది. విప్పలేదు. బట్టల మడతలో ఉండడం వల్ల చెడిపోకుండా మిగిలింది. ఆలస్యమై, పెట్టుకునే తీరిక లేక, దాన్ని మొలలో దోపుకుని పరుగున వచ్చి ఉంటుందని ఉలీ రాశాడు. అది ఊహే. కానీ పట్టీ తల దగ్గర కాకుండా నడుము దగ్గర ఉందన్నది ఊహ కాదు. ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని, ఏది ఎక్కడ ఉందో కొలిచి రాసుకున్న సంగతి. పట్టీని నేరుగా బంగారం, వెండి రాసుల్లో కలిపేసి ఉంటే ఆ అమ్మాయి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ గొయ్యి అంచున నిలబడి నేను ఎక్కువగా తలచుకున్నది రాణిని కాదు, ఆమెను.

మధ్యాహ్నం కాపలాదారు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చిన్న గాజు గ్లాసు, అడుగున అంగుళం చక్కెర, పాలు లేవు. పెద్దాయన తన తాత ఉలీ దొర దగ్గర తట్ట మోశాడని చెప్పాడు. నేను మా వైపు కూడా అలాంటి సమాధులున్నాయని, నిజాం కాలంలో భువనగిరి పక్క రాయగిరిలో తవ్వారని, ఆ కాలపు సమాధుల్లో కూడా ఎర్రటి కార్నీలియన్ పూసలు దొరుకుతాయని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "మీ పూసలే మా రాణి మెడలో ఉన్నాయి" అన్నాడు. అది మర్యాదకు అన్నమాట కాదు. పువాబి కాలపు సమాధుల్లో దొరికిన పొడుగాటి ఎర్ర పూసలు, తెల్ల గీతలు దిద్దిన పూసలు సింధు నాగరికత ఊళ్ళ పనితనం. ఆ రాయికి పొడుగునా బెజ్జం తొలవాలంటే ఒక్కో పూసకు రోజుల పని. నీలిరంగు లాపిస్ లాజులి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండలది. ఉర్‌లో ఉన్నది మట్టి, నీరు, రెల్లు, బార్లీ, ఉన్ని. మిగతాదంతా ఓడల మీదా గాడిదల మీదా వచ్చిందే.

ఉర్ నుంచి బాగ్దాద్ వెళ్ళాను. ఇరాక్ మ్యూజియాన్ని అప్పటి పురావస్తు శాఖ అధికారిణి గెర్ట్రూడ్ బెల్ 1926లో స్థాపించింది. తవ్వకాల్లో దొరికినవాటిలో సగం దేశంలోనే ఉండాలన్న పద్ధతి కూడా ఆమె హయాంలో వచ్చిందే. మిగతా సగం లండన్, ఫిలడెల్ఫియా పంచుకున్నాయి. అందుకే ఒకే గోతిలో పక్కపక్కన పడుకున్నవాళ్ళ నగలు ఇవాళ మూడు ఖండాల్లో ఉన్నాయి. చెట్టుకు ముందుకాళ్ళు ఆనించి నిలబడిన రెండు మేకల బొమ్మలు ఒకే గోతిలో జంటగా దొరికాయి. ఒకటి లండన్‌లో, ఒకటి ఫిలడెల్ఫియాలో. ఉర్ సమాధుల్లో దొరికిన, మెస్కలమ్‌దుగ్ అనే ప్రముఖుడి బంగారు శిరస్త్రాణం బాగ్దాద్ వంతు. లండన్‌లో ఉన్నది దాని నకలు. ఇలా విడదీయడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. ఒక ఇంటి పెళ్ళినగలను ముగ్గురు అన్నదమ్ములు తలా ఒకటి పట్టుకుపోయినట్టుంది.

ఈ చెదిరిన సొమ్మును కలిపి ఉంచుతున్నది ఒక్కటే, ఉలీ కేటలాగు. దొరికిన ప్రతి వస్తువుకూ "యూ" అక్షరంతో ఒక నంబరు. ఒక్కో నంబరుకు ఒక కార్డు. ఏ సమాధి, ఏ పదార్థం, ఎంత కొలత, ఫోటో ఏది, పక్కన చిన్న బొమ్మ. శిరస్త్రాణం యూ 10000. యుద్ధం ఒక వైపు, విందు ఒక వైపు పొదిగిన ప్రసిద్ధమైన పెట్టె యూ 11164. పగలంతా తవ్వి, రాత్రి దీపం వెలుగులో ఈ కార్డులు రాసేవారు. మాక్స్ మాలోవన్ అక్కడ సహాయకుడిగా పని నేర్చుకున్నాడు. ఉర్ చూడటానికి వచ్చిన రచయిత్రి అగాథా క్రిస్టీ ఆయన్ని అక్కడే కలుసుకుంది, 1930లో పెళ్ళాడింది. ఉలీ భార్య కాథరిన్ వస్తువుల బొమ్మలు గీసింది, పుర్రె అచ్చు మీద మైనంతో ముఖం మలిచి తలకట్టు ఎలా నిలిచేదో చూపించింది.

వాళ్ళు అన్నీ సరిగ్గానే అతికించారని కాదు. పువాబి సమాధిలో దొరికిన రెండు వాద్యాల ముక్కలను మొదట కలిపి ఒకే వాద్యంగా చేశారు. 1970ల మొదట్లో బ్రిటిష్ మ్యూజియం పాత ఫోటోలు దగ్గర పెట్టుకుని రెండుగా విడదీసింది. చిన్న చిన్న బంగారు జింకలు, పొట్టేళ్ళు ఉన్న పూసలను ఒకే తలపట్టీగా గుచ్చారు. తర్వాత పరిశీలించినవాళ్ళు అవి వేర్వేరు నగలని తేల్చారు. అతుకు తప్పినా రాత ఉంది గనక దిద్దుకోగలిగారు. రాత లేకపోతే ఏమవుతుందో కూడా ఒక ఉదాహరణ ఉంది. పెన్ మ్యూజియం నేలమాళిగలో ఒక చెక్కపెట్టెలో ఒక పూర్తి అస్థిపంజరం దశాబ్దాల తరబడి ఉండిపోయింది, చీటీ లేకుండా. ఎవరిదో, ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఉర్ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నప్పుడు, లెక్క ప్రకారం రావలసిన ఒక అస్థిపంజరం జాబితాలో తగిలింది. 2014లో రెంటినీ జతచేశారు. 1929-30లో ఉర్‌లో రాజుల సమాధులకన్నా చాలా లోతున, వరద ఒండ్రులో తవ్విన గోతిలో దొరికిన మనిషి అతను. సుమారు 6,500 ఏళ్ళ కిందటివాడు.

బాగ్దాద్ మ్యూజియంలో నేను ఉర్ వాద్యం ముందు చాలాసేపు ఉన్నాను. 2003 ఏప్రిల్‌లో దోపిడీ జరిగినప్పుడు ఆ వాద్యాన్ని విరగ్గొట్టారు. అసలు బంగారు ఎద్దు తల మాత్రం అప్పుడు కేంద్ర బ్యాంకు నేలమాళిగలో ఉండింది. అక్కడ కూడా నీళ్ళు నిండితే తోడి బయటకు తీశారు. ఆ దోపిడీలో సుమారు 15,000 వస్తువులు పోయాయి. వాటిలో వేల కొద్దీ తిరిగి వచ్చాయి. సరిహద్దులో పట్టుబడ్డ ఒక ముద్ర ఫలానా మ్యూజియానిదేనని రుజువు చెయ్యాలంటే నంబరు, ఫోటో, కొలత కావాలి. మ్యూజియం ఉద్యోగిని ఒకామె ఆ మాట చెబుతూ, తను పనిచేసే బల్ల మీద ఉన్న రిజిస్టరును అరచేత్తో తడిమింది.

చివరి గదుల్లో ఒక చోట ఇరవై గడుల ఆటపలక గురించి రాసి ఉంది. ఉర్ సమాధుల్లో అలాంటివి కొన్ని దొరికాయి. గవ్వచిప్ప పొదిగినవి, కొన్ని గడుల్లో పువ్వు గుర్తు. రెండువేల ఏళ్ళు దాటాక, క్రీ.పూ. 177లో ఒక బాబిలోన్ లేఖకుడు మట్టిపలక మీద రాసిపెట్టిన నియమాలను బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చదివాడు. మన అష్టాచెమ్మా ఆడినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. గుర్తు ఉన్న గడికి ఇక్కడా ప్రత్యేకత ఉంది. ఇలాంటి ఇరవై గడుల ఆటే మన కొచ్చిన్ యూదుల ఇళ్ళలో నిన్నమొన్నటిదాకా ఆడేవారని ఫింకెల్ గుర్తించాడు. ఆ పలకను చూస్తుంటే నాకు ఆనందం ఆగలేదు. పక్కన నిలబడ్డ స్కూలు పిల్లలకు సైగలతో పందెం ఎలా వెయ్యాలో చూపిస్తే, వాళ్ళూ నవ్వుతూ వాళ్ళ వేళ్ళతో గాలిలో కాయలు జరిపారు.

మీరు వెళ్ళదలిస్తే నవంబరు నుంచి మార్చి లోపు వెళ్ళండి. తర్వాత ఎండ తట్టుకోలేరు. ఉర్‌లో నీడ లేదు. నీళ్ళు, టోపీ, గట్టి చెప్పులు తప్పనిసరి. జిగ్గురాట్ చూసి తిరిగి వచ్చేయకండి, రాజుల ఇటుక గదుల దగ్గరా ఆగిపోకండి. ఇంకొంచెం నడిచి ఆ గొయ్యి చూపించమని అడగండి. బయలుదేరే ముందు ఒక పని చేసుకోండి. ఉలీ కార్డులు, ఫోటోలు, నక్షాలు మూడు మ్యూజియాల వస్తువులతో జతచేసి "ఉర్ ఆన్‌లైన్" పేరుతో అందరికీ తెరిచి పెట్టారు. 800, 1237 నంబర్ల నక్షాలను ఫోనులోకి దించుకుని వెళ్ళండి, గొయ్యి దగ్గర సిగ్నల్ సరిగ్గా అందదు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పూట పెన్ మ్యూజియానికి కేటాయించండి. పువాబి తలకట్టు ముందు నిలబడినప్పుడు బంగారు ఆకులు చూడటం అయ్యాక ఎర్ర పూసల్ని దగ్గరగా చూడండి. పొడుగ్గా, రెండు కొసలా సన్నగా ఉన్నవాటిని వెతకండి.